పాత మార్కులు ఎక్కడికీ పోవు

కెనడాలో పళ్ల డాక్టరు కావాలని రెండో డిగ్రీలో చేరే పిల్లలు ముందు తీసి చూసుకోవాల్సింది మొదటి డిగ్రీ ట్రాన్స్‌క్రిప్టు

సంపాదకులు అప్పగించిన పని మామూలుదే. కెనడాలో దంతవైద్య చదువు మీద ముఖచిత్ర కథనం కావాలి. కాలేజీలు, ఫీజులు, సీటు దొరికే దారి అన్నీ అందులో ఉండాలి. గురువారం రాత్రికి పేజీలు ప్రెస్సుకు వెళ్లిపోవాలి. కాలేజీల పట్టిక రాసుకుంటున్నప్పుడే బ్రాంప్టన్ నుంచి ఒక తెలుగమ్మాయి తన ట్రాన్స్‌క్రిప్టు పంపింది. అది చదివాక నాకు పట్టిక మీద ఆసక్తి పోయింది. అందుకే ఈ కథనంలో ఎక్కువ చోటు ఆ కాగితానికే ఇస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వివరాలేవీ రాయనని మాటిచ్చాను. లెక్క తేలిగ్గా అర్థం కావడానికి అంకెలను కాస్త గుండ్రం చేశాను.

తల్లిదండ్రులది పల్నాడు. ఆమె పెరిగింది ఒంటారియోలో. లైఫ్ సైన్సెస్‌లో నాలుగేళ్ల డిగ్రీ చేసింది. నాలుగు పాయింట్లకు మొదటి ఏడాది సగటు 2.9, రెండో ఏడాది 3.2, మూడో ఏడాది 3.4, చివరి ఏడాది 3.7. తండ్రికి గుండె ఆపరేషన్ అయింది మొదటి ఏడాదిలోనే. ఆసుపత్రి, కాఫీ దుకాణంలో సాయంత్రం డ్యూటీ, తెల్లారి కెమిస్ట్రీ ల్యాబు. తర్వాత ఏటికేడు ఎలా నిలదొక్కుకుందో ఆ నాలుగంకెలే చెబుతున్నాయి. అయినా మొత్తం సగటు 3.3 దగ్గర ఆగింది. కెనడా డెంటల్ కాలేజీల్లో చాలా చోట్ల సీటు తెచ్చుకున్నవాళ్ల సగటు 3.8 దాటే ఉంటుంది. అందుకే పోషకాహార శాస్త్రంలో రెండో డిగ్రీకి చేరింది. మొదటి డిగ్రీలోని కొన్ని సబ్జెక్టులు కలిసొచ్చాయి కాబట్టి ఇది రెండేళ్లలో అయిపోయింది. ఆ రెండేళ్లలో సగటు 3.95.

వీడియో కాల్లో తల్లి కూడా పక్కనే కూర్చుంది. "అన్నయ్యగారూ, ఇప్పుడు ఇంత మంచి మార్కులొచ్చాయి కదా, ఇంక ఆ పాత డిగ్రీ చూడరుగా?" అని నన్నడిగింది.

"చూస్తారమ్మా. ఇందాకట్నుంచి అంకుల్‌కి చెబుతున్నది అదే" అంది కూతురు.

తల్లి అలా అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. మనకు తెలిసిన పద్ధతి అది. ఇక్కడ నీట్‌లో ర్యాంకు రాకపోతే విజయవాడలోనో హైదరాబాదులోనో లాంగ్ టర్మ్‌లో చేరతారు. మరుసటి ఏడాది కొత్త ర్యాంకు వస్తుంది. పాత ర్యాంకు ఎంతని కౌన్సెలింగ్‌లో ఎవరూ అడగరు. ఏడాది పోయినా మచ్చ మిగలదు. అదే అలవాటుతో చాలామంది తెలుగు తల్లిదండ్రులు రెండో డిగ్రీని కెనడా లాంగ్ టర్మ్ అనుకుంటున్నారు. కానీ అక్కడ దరఖాస్తులో కాలేజీ మెట్లెక్కిన మొదటి రోజు నుంచి చదివిన ప్రతి కోర్సూ, ప్రతి విశ్వవిద్యాలయమూ చూపించి తీరాలి. రెండో డిగ్రీ మొదటిదాని కిందకే చేరుతుంది. దాన్ని చెరిపేయదు.

అమ్మాయి ముందు ఒక స్ప్రెడ్‌షీటు తెరిచి ఉంది. అందులో ఒకే ట్రాన్స్‌క్రిప్టును మూడు రకాలుగా లెక్కగట్టింది. నాలుగేళ్లలో 40 కోర్సులు, తర్వాతి రెండేళ్లలో 20. అన్నీ కలిపి సగటు తీసే కాలేజీ ముందు ఆమె విలువ 3.52. అన్నిటికంటే తక్కువొచ్చిన ఏడాదిని వదిలేసే కాలేజీ ముందు 3.64. ఉత్తమమైన రెండేళ్లనే లెక్కలోకి తీసుకునే కాలేజీ ముందు 3.95. మనిషి అదే, చదువు అదే. మొదటి లెక్కలో దరఖాస్తు తొలి వడపోతలోనే ఆగిపోవచ్చు. మూడో లెక్కలో ఇంటర్వ్యూ పిలుపు రావచ్చు.

రెండో డిగ్రీ ఆమెకు ఏ మేరకు ఉపయోగపడిందో కూడా అక్కడే తెలుస్తుంది. మొదటి లెక్కలో 3.30 నుంచి 3.52కి చేరింది. రెండేళ్ల కష్టానికి అంతే ఫలం. రెండేళ్లు కాక నాలుగేళ్లూ ఇదే 3.95తో చదివినా మొత్తం సగటు 3.63 దగ్గరే ఆగుతుంది. అది చూశాక నాకు మాట రాలేదు. ఎనిమిదేళ్ల చదువు, అందులో నాలుగేళ్లు దాదాపు నూటికి నూరు, అయినా పోటీలో ఉన్నవాళ్ల వరస అందదు. ఉత్తమమైన రెండేళ్ల లెక్కలో మాత్రం 3.55 ఒక్కసారిగా 3.95 అయింది. అంటే రెండో డిగ్రీ విలువ మన పట్టుదల మీదే కాదు, ఎదుటి కాలేజీ దేనితో భాగిస్తుందన్న దాని మీద కూడా ఆధారపడి ఉంది.

ఉత్తమమైన రెండేళ్లు చూసే పద్ధతికి పేరుపడ్డది ఒంటారియోలోని లండన్ నగరంలో ఉన్న వెస్టర్న్ విశ్వవిద్యాలయం. కానీ ఆ వెసులుబాటుతో పాటే షరతులూ ఉన్నాయి. లెక్కకొచ్చే ఏడాది సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా పూర్తి కోర్సుల భారంతో చదివినదై ఉండాలి. రెండో డిగ్రీలో చాలామంది దెబ్బతినేది ఇక్కడే. పాత క్రెడిట్లు కలిసొచ్చాయి కదా అని సెమిస్టరుకు మూడు సబ్జెక్టులే తీసుకుంటారు. మార్కులు బాగా వస్తాయి, ఏడాది మాత్రం లెక్కలోకి రాదు. కలిసొచ్చిన క్రెడిట్లకు మార్కులుండవు కాబట్టి అవి సగటునూ పెంచవు. పై తరగతిలో ఉండి మొదటి ఏడాది సులువు కోర్సులతో సరిపెట్టుకున్నారా అని చూసే కాలేజీలూ ఉన్నాయి. మాస్టర్స్ చేస్తే పని జరుగుతుందనుకుంటారు కొందరు. పీజీ మార్కులను చాలా చోట్ల అండర్‌గ్రాడ్యుయేట్ సగటులో కలపరు.

మరో చిన్న అంకె దగ్గర కూడా నేను చాలాసేపు ఆగిపోయాను. మొదటి ఏడాది ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఆమెకు 79 వచ్చింది. కెనడాలో చాలా విశ్వవిద్యాలయాల్లో 77 నుంచి 79 దాకా బీ ప్లస్, పాయింట్లలో 3.3. 80 నుంచి 84 దాకా ఏ మైనస్, 3.7. 80కీ 84కీ తేడా లేదు. 79కీ 80కీ మాత్రం 0.4 తేడా. ఒక్క మార్కు కోసం ప్రొఫెసరు దగ్గరికి వెళ్లడానికి పద్దెనిమిదేళ్లప్పుడు మొహమాటపడ్డానని చెప్పింది. మొదటి ఏడాదిలో ఉన్న పిల్లలెవరైనా ఇది చదువుతుంటే ఆ మొహమాటం వదిలేయమని చెబుతాను.

తర్వాత డబ్బు మాట. ఫీజులందరికీ తెలిసినవే. క్యూబెక్ బయట డెంటల్ కాలేజీలో ఏడాదికి 40 వేల డాలర్లు దాటిపోయే చోట్లున్నాయి. నాకు కొత్తగా తెలిసింది వారాల లెక్క. కెనడా ప్రభుత్వ విద్యార్థి సాయం జీవితకాలంలో సాధారణంగా 340 వారాలకే పరిమితం. విద్యా సంవత్సరం సుమారు 34 వారాలు. ఆమె మొదటి డిగ్రీకి 136, రెండో డిగ్రీకి 68 ఖర్చయ్యాయి. మిగిలినవి 136. డెంటల్ కాలేజీలో పై తరగతులకొచ్చేసరికి క్లినిక్ పని వల్ల ఏడాది 34 వారాలు దాటేస్తుంది. అంటే సరిగ్గా చివరి ఏడాదిలో ప్రభుత్వ సాయం ఆగిపోవచ్చు. రెండో డిగ్రీ నాలుగేళ్లు చేసినవారికి మిగిలేది 68 వారాలే. 2023 ఏప్రిల్ నుంచి ఫెడరల్ విద్యార్థి రుణాలకు వడ్డీ లేదు. ఆ సాయం అయిపోయాక పట్టుకునే బ్యాంకు లైన్ ఆఫ్ క్రెడిట్‌కు వడ్డీ ఉంది. రెండో డిగ్రీకి అసలు వెల ఇదే. ఫీజు రసీదులో ఇది కనిపించదు.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను. ఒంటారియోలో దంతవైద్యుల నియంత్రణ చట్టం 1868లో వచ్చింది, టొరంటోలో కాలేజీ 1875లో మొదలైంది. ఇప్పుడు దేశమంతటా పది డెంటల్ కాలేజీలున్నాయి. ఒంటారియోకు రెండు, క్యూబెక్‌కు మూడు, మిగతావి బ్రిటిష్ కొలంబియా, అల్బెర్టా, సస్కాచెవాన్, మానిటోబా, నోవాస్కోషియాల్లో. కొన్ని డీడీఎస్ పట్టా ఇస్తాయి, కొన్ని డీఎండీ పట్టా. రెండింటికీ విలువ ఒకటే. భారతదేశంలో డెంటల్ కాలేజీలు మూడు వందలు దాటాయని గుర్తుంచుకుంటే ఆ పది సంఖ్య బరువు తెలుస్తుంది.

పదిలోనూ అన్ని తలుపులూ అందరికీ తెరిచి లేవు. సస్కాచెవాన్ తరగతి ముప్ఫై పైచిలుకు మందిది. అందులో అత్యధిక భాగం ఆ రాష్ట్ర నివాసులకే. మానిటోబా, అల్బెర్టా, బ్రిటిష్ కొలంబియా కూడా తమ ప్రాంతం పిల్లలకే పెద్దపీట వేస్తాయి. బ్రాంప్టన్ అమ్మాయికి ఆ రకంగా సొంత కాలేజీలు రెండే, టొరంటో, లండన్. ఆ రెండింటిలో తన లెక్క నిలిచేది లండన్‌లోనే అని ఆమె తేల్చుకుంది.

"ఈ లెక్క రెండో డిగ్రీలో చేరకముందు వేశావా అమ్మా?" అని అడిగాను.

"వేశాను అంకుల్. అందుకే న్యూట్రిషన్ తీసుకున్నాను. లండన్‌లో రాకపోతే డైటీషియన్ శిక్షణకి వెళ్తాను. అదీ నాకిష్టమే."

ఆ జవాబు నాకెంతో నచ్చింది. జీపీఏ బాగుచేస్తామని చెప్పి పిల్లలను రెండో డిగ్రీలోకి దింపే సలహాదారుల మీద నాకు నమ్మకం లేదు. ఏ కాలేజీ ఏ రకంగా భాగిస్తుందో చెప్పకుండా రెండేళ్లు చదవమనడం అన్యాయం. అలాగని రెండో డిగ్రీ వద్దని కూడా అనను. ఇంట్లో మంచం పట్టిన తండ్రిని చూసుకుంటూ పద్దెనిమిదేళ్ల వయసులో తెచ్చుకున్న 2.9తో ఒక మనిషిని జీవితాంతం కొలవకూడదని నేను గట్టిగా నమ్ముతాను. ఉత్తమమైన రెండేళ్లు చూసే కాలేజీ ఆ మాటను ఆచరణలో పెడుతోంది. మిగతావీ ఆ దారిలోకి వస్తే బాగుంటుంది. అందాకా పిల్లలు చేయాల్సింది తాము దరఖాస్తు చేయబోయే ప్రతి కాలేజీ ఆ ఏటి నిబంధనలు తెచ్చుకుని, పాత మార్కులతో పాటు రాబోయే మార్కులు కూడా ఊహించి వేసుకుని, చేరకముందే లెక్క కట్టుకోవడం. నిబంధనలు ఏటా మారుతుంటాయి. రెండో డిగ్రీ మధ్యలో మారినా ఆ మార్పుకు తలవంచాల్సిందే.

సబ్బు ముక్క

కెనడా డెంటల్ ఆప్టిట్యూడ్ టెస్టులో దశాబ్దాల పాటు ఒక వింత పేపరు ఉండేది. అభ్యర్థికి గుండ్రటి సబ్బు కడ్డీ, కత్తి ఇచ్చి, కొలతలతో ఉన్న బొమ్మ ప్రకారం చెక్కమనేవారు. అంచులు వాడిగా, తలాలు చదునుగా రావాలి. చేతివాటం ఉందా లేదా అని చూడటానికి అది. ఇంగ్లీషు పరీక్షలో ఆ పేపరు ఇప్పుడు లేదు. మడతపెట్టిన కాగితంలో చిల్లులెక్కడ పడతాయి, కోణాల్లో ఏది చిన్నది వంటి 90 ప్రశ్నల గ్రహణశక్తి పేపరు, బయాలజీ, కెమిస్ట్రీ, చదివి అర్థం చేసుకునే పేపరు మిగిలాయి. ఒక్కో విభాగానికి గరిష్ఠ స్కోరు 30. రెండో డిగ్రీ వాళ్లకు ఈ పరీక్ష ఒక ఊరట. దీన్ని మళ్లీ రాసి స్కోరు పెంచుకోవచ్చు.

ఇంకో దారి

అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లండ్‌లలో గుర్తింపున్న దంతవైద్య డిగ్రీలకు కెనడాతో పరస్పర ఒప్పందాలున్నాయి. అక్కడ చదివి వచ్చినవారు విదేశీ డాక్టర్ల కోసం పెట్టిన అదనపు వడపోత లేకుండా కెనడా బోర్డు పరీక్ష రాయవచ్చు. అందుకే కెనడా పిల్లలు చాలామంది ఆ దేశాలకు వెళ్తున్నారు. ఫీజు విదేశీ విద్యార్థి ఫీజే. దాన్ని రెండో డిగ్రీ ఖర్చుతో, పోయే ఏళ్లతో పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

బీడీఎస్ చేసినవారికి

విజయవాడ, హైదరాబాదు కాలేజీల్లో బీడీఎస్ పూర్తి చేసి కెనడా వెళ్లేవారికి పైన చెప్పిన జీపీఏ గొడవ వర్తించదు. వారికి రెండు మార్గాలు. ఒకటి, 1952లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన నేషనల్ డెంటల్ ఎగ్జామినింగ్ బోర్డు నడిపే సమానత పరీక్షలు. ముందు రాతపరీక్ష గట్టెక్కాలి, తర్వాత అటావాలో కృత్రిమ దంతాల మీద చేతిపని చేసి చూపించాలి. రెండోది, టొరంటో, బ్రిటిష్ కొలంబియా వంటి చోట్ల విదేశీ డాక్టర్ల కోసం ఉన్న ప్రత్యేక కోర్సులో చేరి పై తరగతుల్లో కలవడం. మొదటిది తక్కువ ఖర్చుతో ఎక్కువ ఓపిక అడుగుతుంది, రెండోది పెద్ద అప్పు అడుగుతుంది. బీటెక్‌తోనో బీఎస్సీతోనో ఇక్కణ్నుంచి వెళ్లి అక్కడ రెండో డిగ్రీ చేసి డెంటల్ సీటు కొట్టాలనుకునేవారు మాత్రం ఒక విషయం ముందే చూసుకోవాలి. చాలా కాలేజీలు కెనడా పౌరులను, శాశ్వత నివాసులనే తీసుకుంటాయి. స్టూడెంట్ వీసా మీద ఉన్నవారి దరఖాస్తు తీసుకునే చోట్లు బహు కొద్ది.