స్పంజికల అస్థిపంజరం దేనితో తయారవుతుంది?

భిలాయ్ ఉక్కు నగరంలోని మరోదాలో ‘స్పాంజ్’ అనగానే ముందుగా గుర్తొచ్చేది స్పాంజ్ ఐరనే కావచ్చు. ఇనుప ఖనిజాన్ని కరిగించకుండా, సుమారు 1,000 డిగ్రీల వేడిలో దానిలోని ఆక్సిజన్‌ను తొలగిస్తే ఆ స్థానంలో సన్నని రంధ్రాలు మిగులుతాయి. స్పంజికను పోలి ఉంటుంది కనుక దానికి ఆ పేరు వచ్చింది.

సముద్రపు స్పంజికల రంధ్రాలు అలా మిగిలిపోయినవి కావు. స్పంజిక ఒక జంతువు. దానికి గుండె, జీర్ణాశయం, నాడులు లేవు. కశాభాలున్న కణాలు నీటిని చిన్న రంధ్రాల గుండా లోపలికి లాగుతాయి. అందులోని బ్యాక్టీరియా ఆహారమవుతుంది. మిగిలిన నీరు పెద్ద రంధ్రం నుంచి బయటికి పోతుంది.

దాదాపు అన్ని స్పంజికలలోనూ నీరు ఇలాగే ప్రవహిస్తుంది కానీ, వాటి అస్థిపంజరం ఒకే పదార్థంతో తయారవదు. పైకి కనిపించే ఆకారాన్ని నమ్మి జాతిని గుర్తించలేం. అందుకే శాస్త్రవేత్తలు చిన్న ముక్కను బ్లీచ్ ద్రావణంలో వేస్తారు. కణజాలం కరిగిపోయి, ‘కంటకాలు’ అనే సూక్ష్మమైన ముళ్లు మిగులుతాయి. వాటిపై ఆమ్లం వేసినప్పుడు బుడగలు వస్తే అవి కాల్షియం కార్బొనేట్. చెక్కుచెదరకపోతే సిలికా, అంటే గాజు పదార్థం. స్నానానికి వాడే స్పంజికలోనైతే అసలు కంటకాలే మిగలవు. దాని అస్థిపంజరమంతా స్పంజిన్ అనే ప్రోటీన్ పోగులే.

గాజు తయారీకి మనకు కొలిమి కావాలి. గాజు స్పంజికలు మాత్రం చల్లని సముద్రపు లోతుల్లో, నీటిలో కరిగి ఉన్న సిలికానుంచే దాన్ని పొరలు పొరలుగా కట్టుకుంటాయి. పొరల మధ్య ఉండే పలుచని సేంద్రియ పదార్థం పగులును ముందుకు సాగనివ్వదు.

స్పంజికల రసాయనాలు మందులకూ దారి చూపాయి. 1950ల తొలినాళ్లలో కరీబియన్ స్పంజికలో దొరికిన అసాధారణ న్యూక్లియోసైడ్లు, రక్త క్యాన్సర్‌కు వాడే సైటరాబిన్‌కు ప్రేరణ అయ్యాయి. హైదరాబాద్‌లోని ఐఐసీటీ శాస్త్రవేత్తలు కూడా స్పంజికల రసాయనాలను పరిశీలించారు. అయితే వీటిని పొందడం తేలిక కాదు. జపాన్‌లో 600 కిలోల స్పంజిక నుంచి దొరికిన హాలికాండ్రిన్-బి 12.5 మిల్లీగ్రాములే. అందుకే దాని సరళీకృత రూపమైన ఎరిబులిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. రొమ్ము క్యాన్సర్‌కు వాడే ఈ మందుకు 2010లో అమెరికాలో అనుమతి లభించింది.

జాతిని తప్పుగా గుర్తిస్తే, అదే రసాయనం కోసం మళ్లీ ఏ స్పంజికను వెతకాలో తెలియదు. కంటకాల పరిశీలన ఎందుకు ముఖ్యమో ఇక్కడే అర్థమవుతుంది.