చదివిందంతా మర్చిపోతానా పిన్నీ?

"తలకి ఆపరేషన్ చేస్తే చదివిందంతా మర్చిపోతానా పిన్నీ?" మా అక్క కూతురు ఈ మాట అడిగిన రోజున నా దగ్గర జవాబు లేదు. అప్పుడది బి.ఇడి. చదువుతోంది. పదమూడో ఏట మొదలయ్యాయి ఫిట్స్. వచ్చినప్పుడల్లా చేతిలో తాళాలగుత్తి పెట్టినవాళ్లూ, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టినవాళ్లూ, "పెళ్లయితే అవే పోతాయి" అన్నవాళ్లూ ఎంతమందో! (తాళాలతో ఏమీ కాదు. పక్కకి ఒత్తిగిలేలా పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు.) పదిమందిలో ఏడుగురి దాకా మాత్రలతోనే తగ్గే జబ్బు ఇది. మా పిల్ల మిగతా ముగ్గురిలో పడింది. మూడు రకాల మందులు మార్చాక డాక్టరుగారు ఆపరేషన్ మాట ఎత్తారు.

దానికి ముందు రెండు రోజులు బడిలోలా కూర్చోబెట్టి పరీక్షలు పెట్టారు. చిన్న కథ చదివి వినిపించి అరగంట తర్వాత మళ్లీ చెప్పమనడం, మాటల జాబితా, గీతల బొమ్మలు... "స్కానింగులు తీశారుగా, ఇంకా ఇవెందుకండీ?" అని అక్క విసుక్కుంది. పరీక్ష పెట్టే సైకాలజిస్టు నవ్వి, "ఇదంతా బ్రెండా మిల్నర్ గారి చలవమ్మా" అన్నారు.

ఎవరీవిడ? ఇంటికొచ్చి చదవడం మొదలుపెడితే ఆపలేకపోయాను.

1918లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో పుట్టారు. కేంబ్రిడ్జిలో లెక్కల కోసం చేరి మనస్తత్వశాస్త్రానికి మారారు. 1944లో భర్తతో కెనడా వెళ్లారు. 1950లో మాంట్రియల్‌లో, మూర్ఛకి ఆపరేషన్లు చేసే పెన్‌ఫీల్డ్ దగ్గర రోగుల్ని పరీక్షించే పనికి కుదిరారు. ఆయన మెదడులో కణత లోపలి భాగం ఒక పక్కనే తీసేవారు. చాలామందికి జ్ఞాపకం బాగానే ఉండేది. ఇద్దరికి మాత్రం ఆ తర్వాత కొత్త సంగతి ఏదీ నిలవలేదు. వాళ్లకి రెండో పక్క ముందే చెడి ఉంటుందని పెన్‌ఫీల్డ్, మిల్నర్ ఊహించారు. 1955లో వారు చెప్పిన ఈ సంగతి చదివి, అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నుంచి స్కోవిల్ అనే సర్జన్ కబురు చేశారు. తన దగ్గరా అలాంటి మనిషి ఉన్నాడని!

అతనే హెన్రీ మొలైసన్. ఫిట్స్ పడలేక 1953లో, 27వ ఏట ఆపరేషన్ చేయించుకున్నాడు. స్కోవిల్ రెండు పక్కలా తీసేశారు. ఫిట్స్ బాగా తగ్గాయి, కొత్తవి గుర్తుండటమే పోయింది. 1955 ఏప్రిల్‌లో మిల్నర్ తేదీ అడిగితే 1953 మార్చి అన్నాడు. వయసు 27 అన్నాడు. తెలివితేటలు మాత్రం చెక్కుచెదరలేదు. 584 గుర్తుపెట్టుకోమంటే లోలోపల కూడికలూ తీసివేతలూ వేసుకుంటూ నిమిషాల తరబడి నిలుపుకున్నాడు. ధ్యాస మళ్లగానే అంకె సంగతి అటుంచి, ఎవరో అడిగారన్నదే పోయింది. మిల్నర్ మాంట్రియల్ నుంచి రైలెక్కి వచ్చేవారు. ప్రతిసారీ అతనికి ఆవిడ కొత్త మనిషే!

ఒకసారి అద్దంలో చూస్తూ నక్షత్రం గీతల మధ్య పెన్సిలు నడపమన్నారు. మూడు రోజులు చేయించారు. రోజురోజుకీ చెయ్యి తిరిగింది, కానీ నిన్న చేసినట్టే గుర్తులేదతనికి. అంటే చేతికొచ్చే విద్య ఒక చోట, సంగతుల జ్ఞాపకం మరో చోట అన్నమాట. మా నాయనమ్మ చివరి రోజుల్లో మా పేర్లన్నీ మర్చిపోయింది, ముగ్గులో చుక్క మాత్రం తప్పేది కాదు. ఎందుకో నాకిప్పుడు తెలిసింది.

స్కోవిల్, మిల్నర్ కలిసి రాసిన వ్యాసం 1957లో వచ్చింది. (ముందు పేరు కోసినాయనది, రెండోది కూర్చుని పరీక్షించినావిడది!) మనం "ఈ గోంగూర పచ్చడి ఫలానా అత్తయ్య దగ్గర నేర్చుకున్నా" అని చెప్పుకోమూ, పరిశోధకులూ అలాగే ఎవరి వ్యాసం వాడుకున్నారో పేరు పెట్టి రాస్తారు. దాన్నే సైటేషన్ అంటారు. ఈ ఒక్క వ్యాసాన్ని అలా వేలసార్లు తలుచుకున్నారు. మెదడు శాస్త్రంలో అంతగా తలుచుకున్నవి కొద్దే. రెండు పక్కలా తీయవద్దని స్కోవిలే హెచ్చరించారు. మిల్నర్‌కి 2014లో, 95 ఏళ్లు దాటాక, కావ్లీ బహుమతి మరో ఇద్దరితో కలిపి వచ్చింది. హెన్రీని మాత్రం 2008లో పోయేదాకా 'హెచ్.ఎం.' అనే రాశారు. వేల సైటేషన్లలో అతని వాటా ఎంతో!

మాటల జ్ఞాపకానికి ఎడమ పక్క, బొమ్మలకీ ముఖాలకీ కుడి పక్క ఎక్కువ పని చేస్తాయని తేల్చినవాళ్లలోనూ మిల్నర్ గారే ముఖ్యులు. మా పిల్లకి జబ్బు కుడి పక్కన. ఎడమ పక్క గట్టిగా ఉందని ఆ కథల పరీక్షలోనే తేలింది. అప్పుడు దానికి జవాబు చెప్పగలిగాను.

ఆపరేషనై రెండేళ్లయింది. ఫిట్స్ రాలేదు. మాత్రలు మాత్రం డాక్టరు ఇంకా ఆపలేదు. మొన్న జూన్‌లో బడిలో చేరింది. పిల్లల పేర్లు మొదటి వారంలోనే నోటికొచ్చేశాయట. ఏ పేరు ఏ ముఖానిదో తెలియడానికి మాత్రం హాజరుపట్టీ పక్కన "రెండు జడలు", "నీలం సంచీ" అని పెన్సిలుతో రాసుకుంటోంది.