దీపమునకు జంతురూపము తగునా?

గృహాలంకారము సంగతి వచ్చినప్పుడు ఇద్దఱు స్త్రీల యభిప్రాయ మొక్కటిగా నుండుట యరుదు. అందును మృగపక్షుల రూపముతో నేడు మన యిండ్లలోనికి వచ్చుచున్న దీపముల గుఱించి మాట పుట్టినచో, ఒక్క కప్పు క్రిందనే రెండు పక్షములు బయలుదేఱుచున్నవి.

కొలది దినముల క్రిందట మే మొక గృహప్రవేశమునకు పోయియుంటిమి. ఆ యింటి కోడలు ముందుగదిలో నెమళ్లు చిత్రించిన తోలు ల్యాంపుషేడు నొకదానిని వ్రేలాడదీసియుండెను. సందెవేళ దీపము వేయగనే గోడలపై రంగులనీడలు పఱచుకొనినవి. వచ్చిన పేరంటాండ్రలో సగముమంది ముచ్చటపడిరి. అత్తగారు మాత్రము, "మేకతోలు తెచ్చి నట్టింట్లో వేలాడదీశావుటే అమ్మాయీ, పైగా అందులో దీపమా?" అని నొచ్చుకొనిరి. "మృదంగానికి మూసింది మాత్రం తోలు కాదా అత్తయ్యా?" అని కోడలు మెల్లగా ననెను. అంతటితో నిద్దఱు నూరకుండిరి గాని, వారి మొగములు తేటపడలేదు. ఇద్దఱి మాటలోను న్యాయ మున్నదని తోచి, ఈ విషయము నిచట విచారింప దలచితిమి.

దీపమునకు జంతురూపము కొత్త నాగరకత తెచ్చినది కాదు. మన పెద్దలనాటి యిత్తడి సెమ్మెల శిఖరమున హంసయో నెమలియో నిలిచియుండుట మన మెఱుగనిది కాదు. ముంబయి సమీపమున జోగేశ్వరియందు దొరకిన ప్రాచీన కంచుదీప మొకటి కలదు. గొలుసునకు వ్రేలాడు నా దీపమున నొక యేనుగున్నది. ఆ యేనుగు వట్టి బొమ్మ కాదు. దాని బోలుకడుపే నూనె నిలువచేయు పాత్ర. ప్రమిదలో నూనె తగ్గినకొలది కడుపులోని నూనె దిగివచ్చి వత్తికి అందును. పక్షిరూపముల దీపములలో గూడ కొన్నింటి నిట్లే చేసిరి. అనగా నచట మృగము శోభకు మాత్రమే గాక పనికిని వచ్చినది. మాటిమాటికి లేచి నూనె పోయు శ్రమ నది యిల్లాలికి తప్పించినది.

ఇక పాశ్చాత్యుల పద్ధతి చూడుడు. స్వీడను దేశమున ‘ఫ్రంట్’ అను పేర గూడి పనిచేసిన స్త్రీలు 2006వ సంవత్సరమున, హాలండు దేశపు ‘మోయి’ సంస్థకొఱకు ఒక గుఱ్ఱపు దీపమును కల్పించిరి. నిజమైన గుఱ్ఱ మెంతయుండునో అంత నల్లని బొమ్మ. దాని తలపై నొక దీపపు గొడుగు. దానితోడనే కుందేటి దీపమును, పళ్లెము మోయు పంది బల్లయు వెలువడినవి. వానిని చూచి, ఇంటిలో నవ్వు పుట్టించు వస్తు వొక్కటైన నుండవలదా యని మెచ్చువారు కలరు. గంభీరమైన జంతువును దీపస్తంభము చేయుట హాస్యాస్పదమని విసుగుకొనువారును కలరు. మా మట్టుకు మాకు, అట్టి వస్తువు గొప్ప మందిరములలో నొప్పునేమో గాని, మన రెండు మూడు గదుల యిండ్లలో గుఱ్ఱమునకు చోటిచ్చి మనము వసారాలో పడుకొనవలసివచ్చును. చంటిబిడ్డలు రాత్రి మేల్కొని నీడను చూచి జడిసికొందు రనుటయు చిన్నమాట కాదు. గుడ్లగూబ దీపము సంగతియు నట్టిదే. వంగదేశమున నది లక్ష్మీదేవి వాహనము, పాశ్చాత్యులకు జ్ఞానచిహ్నము, మన పల్లెలలో దాని కూతయే యపశకునము. ఇంటిలోని పెద్దలు చూచి కలతపడు వస్తువును, ఊరివారు మెచ్చుచున్నారని తెచ్చిపెట్టుట తగదు.

అయినను రూపముకన్న ముందు విచారింపవలసినది, ఆ వస్తువు దేనితో చేయబడినదను సంగతి. పూర్వము జమీందారుల యిండ్లలో పులితోళ్లు, దుప్పికొమ్ములు గోడల కలంకారములై యుండెడివి. వాని వెనుక వేటాడబడిన ప్రాణము లున్నవి. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిమ్మట, రక్షిత మృగముల చర్మములను దంతములను అమ్ముట నేరము. అధికారుల పత్రము లేక యింట నుంచుకొనుటయు నేరమే. కావున పాత సామానులలో చవుకగా దొరకినదని కొమ్ముల దీపమును కొనబోవు సోదరీమణులు మొదట దీనిని తెలిసికొనవలెను. ఇత్తడి పులి వేఱు, పులితోలు వేఱు.

మఱి కోడలు తెచ్చిన మేకతోలు మాట యేమి? అది శ్రీ సత్యసాయి జిల్లాలో ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంట గ్రామపు పని. అచటి కుటుంబములు తరతరములుగా తోలుబొమ్మలాట నాడినవారు. తోలును శుభ్రపఱచి, వెలుగు చొచ్చిపోవునంత పలుచగా గీకి, రంగులు వేసి, సన్నని రంధ్రములు తొలిచి, తెఱవెనుక దీపముంచి రాత్రులెల్ల రామాయణ భారతముల నాడించెడివారు. ఒకప్పుడు జింకతోలును గూడ వాడుట కలదు, నేడు మేకతోలే. సినిమాలు వచ్చి చూచువారు తగ్గగా, ఆ చేతులకు పని పోయెడి కాలమున ల్యాంపుషేడు వారికి కూడు పెట్టినది. ఆ గ్రామపు కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. ఆలోచించి చూచినచో, నాడు బొమ్మ వెనుక నున్న దీపము నేడు బొమ్మలోపలికి వచ్చినది. అంతకుమించి మార్పు లేదు. ఆహారమునకై కోసిన మేక తోలు గాని, తోలుకై కోసినది కాదు. ఇది శాకాహారులైన పెద్దల మనస్సునకు పూర్తి సమాధానము కాకపోవచ్చును. వారి నొప్పిని మూఢత్వమని కొట్టివేయుట మర్యాద కాదు.

కొనదలచినవారికి రెండు మాటలు. తోలు వేడికి ముడుచుకొనును. కావున పాత 60 వాట్ల తంతిబల్బు పెట్టక, అంతటి వెలుగే యిచ్చు 8, 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు నమర్చవలెను. తడిగుడ్డ తగులనీయరాదు, పొడిగుడ్డతో దుమ్ము దులుపవలెను, చెమ్మగోడకు దూరముగా నుంచవలెను. ఇత్తడి దీపమైనచో చెక్కడ మెంత యెక్కువయో అంత జిడ్డు, అంత చిలుము. నెమలి పింఛమునందలి యొక్కొక్క గాడిలో చింతపండు పెట్టి తోమునది యెవరు? అంగడిలో ముచ్చటపడు మగవారు కాదు గదా! కొనువారికంటె ముందు తోమువారి యభిప్రాయ మడుగుట న్యాయము.

పిదప నొకనాడు మే మా యింటికి మరల పోయితిమి. తోలుదీపము ముందుగదిలోనే యున్నది. దేవునిగదిలో అత్తగారి పుట్టింటినుండి వచ్చిన నెమలి సెమ్మె వెలుగుచున్నది. ఆమె మాతో, "దాన్ని లోపలికి రానివ్వను. కాని ఆ ఆట ఆడేవాళ్లను చిన్నప్పుడు మా ఊళ్లో చూశాను. వాళ్లకింత అన్నం దొరుకుతుందంటే ఉండనీ" అనిరి. కోడలు ఆనాటి సాయంకాలము, తానే అడిగి తీసికొని, ఆ సెమ్మెను తోముచుండెను.

ఇల్లు ఒక్కరి యభిరుచితో వెలుగునది కాదు. ఏ ప్రాణికి హింస లేక, ఏ చేతికో కూడు పెట్టుచు, ఇంటివారి మనస్సు నొప్పింపని దీపము ఏ రూపమున నున్నను శుభమే యని మా యభిప్రాయము.