వాలే పైరెప్పకు ఆపరేషన్: చేయించుకునే ముందు...

"ఏమిటి వదినా, అలా వున్నావు? రాత్రి నిద్రలేదా?"

హాయిగా పడుకుని లేచిన రోజున కూడా ఈ ప్రశ్నే ఎదురవుతుంటే మనసు చివుక్కుమంటుంది. అద్దంలో చూసుకుంటే ముఖం బాగానే వుంటుంది, కళ్ళ దగ్గరే ఏదో తేడా. పైరెప్ప చర్మం వదులై, మడతలాగా జారి, వెంట్రుకల మీదకు వాలుతూ వుంటుంది. ఐలైనర్ గీసుకుంటే అరగంటకే పైమడతకు అంటుకుపోతుంది. నలభై దాటిన ఆడవాళ్ళలో చాలామందికి ఇది అనుభవమే. కొన్ని కుటుంబాల్లో తల్లి నుంచి కూతురికి వచ్చి, ఇంకా ముందే మొదలవుతుంది.

శరీరం మొత్తంలో అతి పలచటి చర్మం కనురెప్పదే. ఒక మిల్లీమీటరు మందం కూడా వుండదు. రోజుకి వేలసార్లు మూసి తెరిచే ఆ చర్మం వయసుతో సాగకుండా ఎలా వుంటుంది? దాని వెనక కంటిగుడ్డుకు మెత్తలా వుండే కొవ్వు కూడా కాస్త ముందుకు వచ్చి, ముక్కు వైపు మూలలో ఉబ్బుగా కనిపిస్తుంది. ఇలా సాగిన చర్మాన్ని ఏ క్రీమూ వెనక్కి తీసుకుపోలేదు. కీరాముక్కలు పెట్టుకుంటే చల్లగా, హాయిగా వుంటుంది. అంతవరకే.

మిగిలిన దారి ఆపరేషన్. డాక్టర్లు దీన్ని బ్లెఫరోప్లాస్టీ అంటారు. మాట మనకు కొత్తగానీ పాతదే. కాన్సర్ వచ్చిన రెప్పను సరిచేసిన సందర్భంలో కార్ల్ ఫెర్డినాండ్ వాన్ గ్రాఫే అనే జర్మన్ సర్జన్ 1818లో వాడిన మాట ఇది. "చిన్న ఆపరేషనే, పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేయొచ్చు" అని మీకెవరైనా చెప్పి వుంటారు. కోత చిన్నదే, ఇంటికి రావడమూ నిజమే. కాని ఇంటికి వచ్చాక ఏం జరుగుతుందన్నది చాలామంది చెప్పరు. అది తెలియకే సగం భయాలు, సగం గొడవలు.

అసలు జారింది ఏమిటి?

చూడ్డానికి ఒకేలా వున్నా కారణాలు మూడు. చర్మం సాగడం ఒకటి. కనుబొమ కిందికి దిగడం రెండోది. రెప్పను పైకెత్తే కండరం పట్టు తప్పడం మూడోది. అద్దం ముందు కూర్చుని, నుదురు ముడతలు పడకుండా నేరుగా చూడండి. కనుబొమను వేలితో కొంచెం పైకి ఎత్తగానే మడత మాయమైతే, బరువు బొమ నుంచి కూడా వస్తోందన్నమాట. అప్పుడు రెప్ప చర్మం ఒక్కటే కోసేస్తే అనుకున్న ఫలితం రాదు, బొమ ఇంకా కిందికి వచ్చినట్టు కనిపిస్తుంది. అలా కాక, మడతను మెల్లగా పక్కకి తప్పించి చూసినా రెప్ప అంచే నల్లగుడ్డును కప్పేస్తూ వుంటే, అది కండరం సంగతి. దాన్ని టోసిస్ అంటారు, దానికి చేసే ఆపరేషన్ వేరు. ఇది మీకు ఒక అంచనా కోసమే, తేల్చవలసింది డాక్టరే.

ఇక్కడే ఒక ముఖ్యమైన మాట. రెప్ప ఏళ్ళ తరబడి మెల్లగా జారడం వేరు, ఉన్నట్టుండి ఒక రెప్ప వాలిపోవడం వేరు. దానితో పాటు తీవ్రమైన తలనొప్పి వచ్చినా, వస్తువులు రెండుగా కనిపించినా, ఒక కంటిపాప రెండోదానికంటే పెద్దదైనా అది అందం సమస్య కానే కాదు. మెదడు రక్తనాళాల నుంచి వచ్చినదై వుండొచ్చు. తెల్లవారనిద్దాం అనుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. అలాగే పొద్దున బాగుండి, సాయంత్రం అయ్యేసరికి వాలిపోయే రెప్పకి మయస్థీనియా అనే కండరాల జబ్బు కారణం కావచ్చు. దానికి ముందు మందులు.

కొందరికి అందంతో పాటు చూపుకే అడ్డం వస్తుంది. సూదిలో దారం ఎక్కించాలంటే గడ్డం పైకెత్తవలసి రావడం, అటక మీది డబ్బా సరిగా కనబడకపోవడం, సాయంత్రానికి నుదురంతా లాగేస్తున్నట్టు వుండడం... తెలియకుండానే రోజంతా కనుబొమలతో రెప్పల్ని మోస్తున్నారన్నమాట. పక్కచూపు, పైచూపు ఎంత తగ్గిందో కొలిచే పరీక్ష వుంది. అందం కోసం చేయించుకునే ఆపరేషన్‌కి మామూలుగా ఆరోగ్య బీమా డబ్బివ్వదు. చూపుకి అడ్డమని పరీక్షలో తేలితే మాత్రం అడిగి చూడవచ్చు. అదీ ముందే, రాతపూర్వకంగా.

అన్నట్టు, కొరియా సీరియల్స్ చూసి మీ అమ్మాయి "నాకూ రెప్పల సర్జరీ కావాలి" అంటే కంగారుపడకండి. వాళ్ళు చేయించుకునేది రెప్ప మీద మడత లేనివారికి మడత తెచ్చే ఆపరేషన్. జపాన్‌లో మికామో అనే వైద్యుడు 1896లోనే దాని గురించి రాశారు. మన పిల్లల్లో చాలామందికి ఆ మడత పుట్టుకతోనే వుంటుంది.

డాక్టర్ దగ్గర దాచకండి

రెప్పల సర్జరీలో ప్రత్యేక శిక్షణ పొందిన కంటి డాక్టర్లను ఆక్యులోప్లాస్టిక్ సర్జన్లు అంటారు. ఈ పని బాగా అలవాటున్న ప్లాస్టిక్ సర్జన్లూ చేస్తారు. 1987లో హైదరాబాదులో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి చోట్ల దీనికి విడిగా విభాగమే వుంది. బ్యూటీ పార్లర్ వాళ్ళ సిఫార్సు మీద మాత్రం వెళ్ళకండి. పెళ్ళి ఆల్బమ్‌లోంచి మీ పాత ఫోటో ఒకటి పట్టుకెళ్ళండి. మీ రెప్పలు మొదటి నుంచీ కాస్త బరువైనవేనా, ఈమధ్యే మారాయా అన్నది దానిలోనే తెలిసిపోతుంది.

కళ్ళు మంటగా, ఇసుక పడ్డట్టు వుంటాయా? అది తప్పక చెప్పాలి. పొడికళ్ళ వాళ్ళకి ఈ ఆపరేషన్ తర్వాత బాధ పెరుగుతుంది, కొందరికి వద్దనే అంటారు. థైరాయిడ్ వల్ల కళ్ళు ముందుకు వచ్చినవారు ఆ జబ్బు నిలకడగా వచ్చేదాకా ఆగాలి. లేసిక్ చేయించుకున్నవారు కనీసం ఆరు నెలలు ఆగాలంటారు. బి.పి., షుగర్ అదుపులో వుండాలి. ఆస్పిరిన్, ఒళ్ళునొప్పుల మాత్రలు, విటమిన్ ఇ, చేపనూనె గుళికలు రక్తస్రావాన్ని పెంచుతాయి. ఎవరో ఇచ్చిన మూలికల పొడి అయినా సరే, చెప్పండి. గుండెకి స్టెంట్ వేయించుకుని రక్తం పలచబడే మందులు వాడేవారు వాటిని సొంతంగా ఆపెయ్యకూడదు. గుండె డాక్టరూ ఈ డాక్టరూ మాట్లాడుకుని చెప్పాలి.

ఆ రోజు

మిమ్మల్ని కూర్చోబెట్టి, ఎంత చర్మం తీయాలో పెన్నుతో గీతలు గీస్తారు. పడుకుంటే చర్మం పక్కకి జారిపోతుంది, అందుకని. తర్వాత రెప్పలోకి మత్తు ఇంజెక్షన్. ఇది మాత్రం చుర్రుమంటుంది, అరనిమిషం ఓర్చుకోవాలి. ఆ తర్వాత లాగినట్టు, నొక్కినట్టు తెలుస్తుంది గానీ నొప్పి వుండదు. రెప్ప సహజమైన మడతలోనే కోస్తారు గనుక కళ్ళు తెరిచినప్పుడు మచ్చ ఆ మడతలో దాగిపోతుంది. సాగిన చర్మం సన్నటి పట్టీలా తీసి, అవసరమైతే కొద్దిగా కొవ్వు తీసి, సన్నటి దారంతో కుడతారు. రెండు కళ్ళకీ కలిపి ఇంచుమించు గంట పడుతుంది.

"ఎలాగూ కోస్తున్నారు కదా, ఇంకాస్త తీసేయండి డాక్టర్‌గారూ" అని మాత్రం అనకండి. జాకెట్ బిగుతైతే కుట్లు విప్పుకోవచ్చు, కోసిన రెప్ప చర్మం తిరిగి రాదు. ఎక్కువ తీస్తే కన్ను పూర్తిగా మూతపడదు. నిద్రలో కూడా కాస్త తెరిచే వుండి, నల్లగుడ్డు ఎండిపోయి పుండు పడే ప్రమాదం వుంది. మంచి సర్జన్ చేయి కొంచెం పొదుపుగానే వుంటుంది.

మొదటి పదిరోజులు

మొదటి రాత్రే ముఖ్యం. చల్లటి కాపడం, రెండు దిండ్ల ఎత్తున తల, డాక్టరిచ్చిన చుక్కలు. నొప్పి మామూలు మాత్రతో తగ్గేంతే వుండాలి. అలా కాక, ఒక కన్ను గట్టిగా ఉబ్బి బయటికి తోసుకొస్తున్నట్టున్నా, నొప్పి భరించలేనంతగా వున్నా, చూపు మసకబారుతున్నా అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి పరుగెత్తాలి. కంటి వెనక రక్తం చేరితే చూపు నరం నలిగిపోతుంది, గంటలు గడిస్తే చూపు తిరిగి రాకపోవచ్చు. చాలా అరుదు. కాని వస్తే ఎక్కువగా మొదటి ఇరవైనాలుగు గంటల్లోనే వస్తుంది. అందుకని ఆ రాత్రి ఇంట్లో మరొకరు వుండాలి, డాక్టర్ ఫోన్ నెంబరు వాళ్ళ దగ్గర వుండాలి. ఒకటి రెండుసార్లు ఒక్కో కన్నూ మూసి, గడియారం కనిపిస్తోందో లేదో చూసుకోండి. చూపుకి అడ్డంపడేలా కళ్ళకి కట్టు కట్టకూడదు కూడా.

రెండోరోజు, మూడోరోజు అద్దం చూస్తే ఏడుపొస్తుంది. వాపు అప్పుడే ఎక్కువ. రెప్పలు కమిలి, రెండువైపులా ఒకేలా లేకుండా, ఎవరో కొట్టినట్టు వుంటుంది. పాలుపోసే ఆయన దగ్గర్నుంచి పక్కింటి పిన్నిగారి దాకా అందరూ అడుగుతారు. ఏం చెప్పాలో ముందే అనుకుని పెట్టుకోండి. నాలుగోరోజు నుంచి దిగడం మొదలై, కుట్లు తీసేసరికి (అయిదు నుంచి ఏడు రోజులు) ముఖం మీకు గుర్తొస్తుంది. కమిలిన రంగు పోవడానికి రెండువారాలు పట్టొచ్చు.

ఇక వంటిల్లు. వంగి గిన్నెలు తోమడం, నీళ్ళ బిందె ఎత్తడం, గ్యాస్ సిలిండర్ జరపడం లాంటివి తలలోకి రక్తం తోస్తాయి. రెండువారాలపాటు వాటి జోలికి పోవద్దు. తాలింపు పొగ, ఉల్లిపాయల ఘాటు మొదటి వారం మీకు పడవు. పోపు వేరేవాళ్ళు పెట్టేలా ఏర్పాటు చేసుకోండి. తలంటు కుట్లు తీశాకే, అదీ డాక్టర్ సరేనన్నాక, తల వెనక్కి వాల్చి. కుంకుమ పొడి రాలి కుట్ల మీద పడుతుంది, ఆ వారం స్టిక్కర్ బొట్టే మేలు. కాటుక, కాంటాక్ట్ లెన్స్ రెండువారాల దాకా వద్దు. కనుబొమలకి థ్రెడింగ్ ఇంకా ఆలస్యంగా. టీవీ చూడొచ్చుగానీ, రెప్ప వేయడం మరిచిపోయి చూస్తే కళ్ళు ఎండిపోతాయి.

తర్వాత కొన్ని వారాలు రెప్ప మొద్దుబారినట్టుంటుంది. కోత గీత ఎర్రగా వుండి, నెలల మీద పాలిపోతుంది. అసలు రూపం తెలిసేది మూడునెలల తర్వాతే. అంతకుముందే "ఒకటి పెద్దది, ఒకటి చిన్నది" అని డాక్టర్‌తో తగువు పెట్టుకోకండి. మొదటి నుంచీ మీ కళ్ళు రెండూ అచ్చు ఒకేలా లేవు, ఎవరికీ వుండవు. పాత ఫోటో చూడండి. కంటికింద నలుపు, కింది సంచులు, నవ్వినప్పుడు పక్కన పడే గీతలు దీనితో పోవు. వయసూ ఆగదు. ఫలితం చాలాఏళ్ళు నిలిచినా కనుబొమ మెల్లగా దిగుతూనే వుంటుంది.

డబ్బు సంగతి మాట్లాడేటప్పుడు ఆపరేషన్ ఫీజుతో పాటు మత్తు డాక్టర్, మందులు, కుట్లు తీయడం, తర్వాతి చూపింపులు కలిసి వున్నాయా అని అడిగి రాయించుకోండి. సరిదిద్దవలసి వస్తే ఎవరు భరిస్తారో కూడా. ఇంట్లో పెళ్ళి వుంటే కనీసం రెండునెలల ముందు చేయించుకోవాలి. ముహూర్తం అంతకంటే దగ్గర్లో వుందంటే, అప్పగింతలు అయ్యాకే ఆసుపత్రికి వెళ్ళండి.