కొండముచ్చు, దాని ఆఫ్రికా దాయాది

చేలపై కోతులు పడినప్పుడు వానిని బెదరించుటకై కొండముచ్చును తెచ్చి కట్టివేయుట తెలంగాణ పల్లెలలో కానవచ్చును. జగిత్యాల జిల్లా మేడిపల్లివంటి పల్లెల విద్యార్థులకు ఈ నల్లని మొగము, పొడవైన తోక పరిచితములే. చూచుటకు కోతివలెనే ఉన్నను, దీని దగ్గర చుట్టములు ఆఫ్రికాలో కలవు. అవియే కొలబస్ కోతులు.

ఇథియోపియా, కెన్యా మున్నగు దేశములలో నలుపు తెలుపు రోమములు గల గెరెజా అను కొలబస్ జాతి ఎక్కువ కాలము చెట్లపైననే గడుపును. గ్రీకు భాషలో ‘కొలొబోస్’ అనగా ఖండింపబడినది. దీని బొటనవ్రేలు మొండిగా మాత్రమే మిగిలినది. తక్కిన నాలుగు వ్రేళ్లు కొక్కెమువలె కొమ్మను పట్టుకొనును. పిల్ల తెల్లగా పుట్టును. మందలోని ఇతర ఆడకోతులును దానిని ఎత్తుకొనును. కొండముచ్చు పిల్ల నల్లగా పుట్టినను, దాని పెంపకమును ఇట్టిదే.

ఈ రెండింటికిని ఆకులు ముఖ్యాహారము. ఆకులోని సెల్యులోజును కోతులు స్వయముగా జీర్ణించుకొనలేవు. అందుచే వీని కడుపు, ఆవు కడుపువలె, గదులుగా ఏర్పడినది. అందలి సూక్ష్మజీవులు ఆకును పులియబెట్టి శక్తినిచ్చు ఆమ్లములుగా మార్చును. ఊరికోతికి ఇట్టి కడుపు లేదు. దానికున్నవి గింజలను దాచుకొను బుగ్గసంచులు.

చక్కెర, పిండి పదార్థములు అధికమైనచో ఆ గదులలో పులుపు మితిమీరి జంతువు జబ్బుపడును. కట్టివేసిన కొండముచ్చుకు రొట్టెలు, మిఠాయిలు పెట్టుట దయ కాదు. దానిని పట్టి పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము కూడ. దాని చోటు గొలుసు కాదు, చిగురుటాకుల కొమ్మ.