ఆటలోని ఆబోతు: తరతరములలో దాని బలాబలములు

నేటి ప్రసంగమునకు విషయము ఒక ఆబోతు. అది మన పొలములలో మేయునది కాదు; జపానుదేశస్థులు కల్పించిన యొక యాటలో నుండునది. మనుమలున్న యిండ్లలో పోకెమాన్ అను మాట చెవినిబడకుండుట యరుదు. పెద్దలు దానిని పిల్లల గోలయని విడిచిపెట్టుదురు. కాని ఆ యాటను చుట్టుకొని ఇరువదియైదేండ్లకు పైగా ఒక విచారణ సాగుచున్నది. బలము బలవంతునియందే యుండునా, లేక అతడు నిలిచిన బరియొక్క కట్టుబాట్లయందుండునా యనునదే ఆ విచారణ. ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు గనుక దీనిని గూర్చి మీతో ముచ్చటింప బూనితిని.

ముందుగా ఆట సంగతి చెప్పవలెను. 1996 వ సంవత్సరము ఫిబ్రవరి 27 వ తేదీన అది జపానులో ఎరుపు, ఆకుపచ్చ అను రెండు ప్రతులుగా వెలువడినది. గేమ్ బాయ్ అను, చేత బట్టుకొని యాడదగిన చిన్న యంత్రమునకై దానిని సిద్ధము చేసిరి. దాని కర్త సతోషి తజిరి. ఆయన బాల్యమున పురుగులను పట్టి సేకరించుటయందు మిక్కిలి మక్కువ గలవాడు. ఆ మక్కువయే ఈ యాటకు బీజమైనది. తొలి యాటలో 151 విధముల కల్పితజంతువులుండెను. ఆటగాడు వానిని పట్టి, పెంచి, సాధన చేయించి, మరియొకని జంతువులతో పోరాడించును. రెండు యంత్రములను ఒక తీగెతో గలిపినచో ఇద్దరు మిత్రులు ఎదురెదురుగ గూర్చుండి తమ బలగములను పరీక్షించుకొనవచ్చును. కోడిపందెములవలె ఇందు రక్తము చిందదు. కత్తులు కట్టుట లేదు. ఓడిన జంతువు మూర్ఛిల్లును, అంతియే.

పోరు జరుగు విధము చదరంగమునకు దగ్గరగ నుండును. ఒక్కొక్క పక్షమున ఆరు జంతువులు. ఒక్కొక్క జంతువునకు నాలుగు ప్రయోగములు మాత్రమే. ఇరువురును తమ యెత్తును రహస్యముగ నిర్ణయింతురు. రెంటిలో వేగము గలది ముందు కొట్టును. ప్రతి జంతువునకును, ప్రతి ప్రయోగమునకును ఒక తత్త్వము కలదు. నీరు నిప్పును గెలుచును, నిప్పు పచ్చికను గాల్చును. ఇట్టి సంబంధముల వలన దెబ్బ రెట్టింపగును, లేదా సగమగును, ఒక్కొక్కయెడ బొత్తిగా తగులకయే పోవును. వీనికి తోడు ప్రతి జంతువునకు ప్రాణబలము, తాకుడు, కాపు, వేగము మున్నగునవి అంకెలుగా నిర్ణయింపబడియున్నవి.

మన ఆబోతు పేరు టారోస్. జపానులో కెంటారోసు అందురు. గోధుమవన్నె మేను, మూడు తోకలు. తొలియాటలో అది సఫారీ జోన్ అను రక్షితవనమున మాత్రమే అడవిలో దొరకెడిది. అచ్చట ఆటగాడు తన జంతువులతో దానిని అలయగొట్టరాదు. ఇచ్చిన 30 బంతులతోడనే, 500 అడుగులు నడచులోపల పట్టుకొనవలెను. ఎర వేసినను, రాయి విసరినను అది తటాలున పారిపోయెడిది. చూచుటకు పశువే గదా, నిప్పు గ్రక్కదు, ఎగురదు, ఇంత శ్రమ యేలయని పలువురు పిల్లలు విడిచిపెట్టియుందురు. కాని నియమములను లోతుగ పరిశీలించిన యాటగాండ్రు దీనినే తొలితరమునకు మకుటముగ నెంచిరి. కారణములు వినదగినవి.

దాని వేగము 110. మ్యూటూ వంటి మితిమీరిన బలముగల జంతువులను పోటీలనుండి సాధారణముగ వెలివేయుదురు. వానిని విడిచినచో, పోటీలలో తరచు గానవచ్చువానిలో టారోసును మించి పరుగెత్తునవి అలకజామ్, స్టార్మీ, జోల్టియాన్ వంటి కొలదిపాటివే. అయితే ముందు కొట్టుట యొకటియే గొప్ప కాదు. మర్మఘాతమని యొకటి కలదు; అది తగిలినచో దెబ్బ యించుమించు రెట్టింపగును. తొలితరపు నియమమున ఈ మర్మఘాతము తగులు అవకాశము జంతువుయొక్క సహజవేగమును బట్టి లెక్కింపబడెడిది. టారోసు కొట్టిన నూరు దెబ్బలలో సుమారు 21 మర్మమునకు తగులును. వేగము 30 మాత్రమేయైన స్నార్లాక్స్ అను స్థూలకాయమునకు నూటికి 6 లోపు. అనగా వేగమే బలముగ మారినదన్నమాట. ఈ యొక్క సూత్రము ఆబోతునకు చేసిన మేలు మరియేదియు చేయలేదని నా యభిప్రాయము.

ఇక దాని నాలుగు ప్రయోగములు. మొదటిది మేనితాకుడు, బాడీ స్లామ్ అందురు. ఇది ప్రత్యర్థికి నూటికి 30 వంతుల పక్షవాతము కలిగించును. రెండవది భూకంపము, మూడవది మంచుతుఫాను, నాలుగవది మహాకిరణము. సామాన్యతత్త్వపు దెబ్బలను రాతిజంతువులు సగము చేసికొనును; గోలెమ్, రైడాన్ అనునవి యట్టివి. కాని భూకంపమునకు, మంచుతుఫానునకు అవియే రెట్టింపుగ నొచ్చును. భూతతత్త్వముగల గెంగార్ అనుదానికి సామాన్యపు దెబ్బ తగులనే తగులదు; దానిని భూకంపము రెట్టింపు బలముతో కూల్చును. ఎగురు పక్షులకు భూకంపము తగులదు. వానికి మంచు గిట్టదు. మఱి తప్పించుకొను మార్గమేది? మహాకిరణము ప్రయోగించినవాడు తరువాతి వంతున అలసి యూరకుండవలెననుట నియమమే గాని, ఆ దెబ్బతో ప్రత్యర్థి మూర్ఛిల్లినచో అలసట లేదు. కావున చివరి దెబ్బగ దానిని వాడువానికి నష్టమేమియు లేదు.

ఇట్టి జంతువును ఆటగాండ్రు మొదటనే బరిలోనికి దింపరు. దానికి పక్షవాతము తగిలినచో వేగము నాలుగవవంతునకు దిగిపోవును. ఆబోతు బ్రతికియు లేనట్లే. అందుచే తక్కిన యైదింటితో యుద్ధము నడపి, ఎదుటివారి మేటి జంతువులకు పక్షవాతము కలిగించి, అవి కుంటుచున్న సమయమున దీనిని విడుతురు. ఇరువురును అటులనే చేయుటచే తుదిపోరు తరచుగ టారోసునకును టారోసునకును జరుగుచుండును. రెంటి వేగము నొకటియేయైనచో ముందు కొట్టునది యేదియో కేవలము అదృష్టమే తేల్చును. గంటసేపు తెలివితో నడపిన యాట కట్టకడపట బొమ్మా బొరుసా యన్నట్లు ముగియుట కొందరికి రుచింపదు. నాకును రుచింపదు.

1999 లో బంగారము, వెండి అను పేర్లతో రెండవతరము వెలువడినది. ఆబోతు రూపము మారలేదు. తాకుడు నూఱే, వేగము 110 యే. అయినను సింహాసనము పోయినది. ఎట్లు పోయినదో చూడుడు.

మొదటిది, మర్మఘాతమునకును వేగమునకును గల సంబంధమును కర్తలు త్రెంచివేసిరి. అందరికిని సమానముగ సుమారు 16 దెబ్బలకు ఒకటి యని నిర్ణయించిరి. మహాకిరణము ప్రత్యర్థిని కూల్చినను కూల్చకున్నను అలసట తప్పదనిరి. మంచుతుఫాను గురి నూటికి 90 నుండి 70 కి దిగినది. ఇవన్నియు నొక యెత్తు, విశేషశక్తిని విభజించుట యొక యెత్తు. పూర్వము నిప్పు, మంచు వంటి తాత్త్వికప్రయోగములకు కొట్టుబలమును ఓర్చుబలమును కలిపి ఒకే యంకెగ నుండెను. టారోసునకు అది 70. ఇప్పుడు దానిని రెండుగ చీల్చిరి. ఓర్చుటకు 70 యే యుంచిరి, కొట్టుటకు 40 మాత్రమే యిచ్చిరి. మంచుతుఫాను చిరుజల్లైపోయినది. అదే విభజనమున స్నార్లాక్సునకు, పూర్వము 65 గ నున్నది, ఓర్చుబలము 110 అయినది. ఉమ్మడి యాస్తి పంచినప్పుడు ఒకరికి మాగాణియు మఱొకరికి చవుడునేలయు వచ్చుట మీరెరుగనిది కాదు. రెండవతరమునకు స్నార్లాక్సే యేలిక యయ్యెను.

అంతటితో తీరలేదు. ఆ తరముననే ఉక్కుతత్త్వము క్రొత్తగ పుట్టినది. ఉక్కు సామాన్యపు దెబ్బను సగము చేయును. స్కార్మరీ అను ఉక్కుపక్షికి మేనితాకుడు సగమే తగులును. అది యెగురునది గావున భూకంపము బొత్తిగ తగులదు. ఆబోతుయొక్క రెండు ప్రధానాయుధములును ఒక్క పక్షి ముందర మొక్కబోయినవి. పైగా ప్రతి జంతువును ఒక వస్తువును ధరింపవచ్చునను నియమము వచ్చి, మిగులన్నము వంటి యొక వస్తువు ధరించిన జంతువునకు వంతువంతునకును ప్రాణబలములో 16 వ వంతు తిరిగి వచ్చుచుండెను. వేగముగ కొట్టి ముగించు పోరు పోయి, ఓర్చి నిలుచు పోరు వచ్చినది.

మన చదరంగములో మంత్రి పూర్వము మూలగ ఒక్క గడి మాత్రమే కదలెడివాడు. పదునైదవ శతాబ్దపు తుదిభాగమున ఐరోపాలో నియమము మారగా పలకయంతయు తానైనాడు. కొయ్య అదే, పేరు వేరు. టారోసు గతి దానికి విలోమము.

2002 లో మూడవతరము వచ్చునప్పటికి మఱొక విచారకరమైన సంగతి జరిగినది. అంతవరకు పెంచిన జంతువులను క్రొత్త యంత్రములోనికి తరలించుకొను మార్గమే లేకపోయెను. తొలి రెండు తరముల జంతువుల వివరములు ఆట పేటికలోని చిన్న బ్యాటరీ బలముచే నిలిచియుండెడివి. ఏండ్లు గడచి అది యెండిపోయినచో, పిల్లవాడు రాత్రులు మేల్కొని పెంచిన ఆబోతు జాడ లేకుండ మాయమగును. బంధువులవలె చూచుకొన్న వానిని గతించినవానిగ నెంచుకొన్నవారు, ఇప్పుడు పెద్దవారై యున్నవారు, పలువురు గలరు. దీనిని వెఱ్ఱియని నవ్వువారిని నేనేమియు ననను. కాని కాడికి కట్టిన యెద్దును అమ్ముకొన్ననాడు అన్నము తినని రైతులు మనలోనే యుండిరి.

ఆ మూడవతరమున ప్రతి జంతువునకును ఒక సహజగుణము ప్రసాదించిరి. టారోసునకు వచ్చినది బెదిరింపు: అది బరిలో దిగిన తోడనే ఎదుటిదాని తాకుడు తగ్గును. మంచి వరమే. కాని అదే వరము సాలమెన్స్ అను రెక్కలుగల మహాసర్పమునకును దొరకినది. దాని తాకుడు 135. అంకెలన్నియు గూడిన మొత్తము 600. టారోసు మొత్తము 490. ఒకే విద్య తెలిసిన యిద్దరిలో ధనవంతుడు ముందుకు వచ్చినట్లయ్యెను. సాధనకు కూడ మితి పెట్టబడినది. పూర్వము అన్ని బలములను నిండుగ పెంచుకొనవచ్చును, ఇప్పుడు రెంటిని మాత్రమే పూర్తిగ పెంచుటకు వీలు.

2006 నాటి నాలుగవతరమును గూర్చి హెచ్చుగ చెప్పనక్కరలేదు. ఆబోతునకు కలిసివచ్చినది కొంచెమే. 2010 తరువాతి తరములలో దానికి మొఱటుబలము అను గుప్తగుణము చేకూరినది. దీని వింత యేమనగా, దెబ్బతోబాటు వచ్చు అదనపు ఫలమును వదలుకొన్నచో దెబ్బ నూటికి 30 వంతులు హెచ్చును. అనగా ఒకప్పుడు పేరు తెచ్చిన పక్షవాతమును తానే పరిత్యజించి, బదులుగ బలమును పుచ్చుకొనుట. దీనితో టారోసు క్రిందితరగతుల పోటీలలో మరల భయము గొల్పినది. పైతరగతులు మాత్రము దూరముగనే నిలిచినవి.

2019 లో కర్తలు మఱియొక నిర్ణయము చేసిరి: క్రొత్త యాటలో పాతజంతువులన్నిటికి చోటు లేదనిరి. అభిమానులు మిక్కిలి గగ్గోలు పెట్టిరి. టారోసునకు మొదట ప్రవేశము లేకపోయెను. 2020 లో అదనపు భాగము వెలువడినప్పుడు లభించినది. బలహీనుడగుట యొకటి, బరిలోనికి పిలుపే రాకుండుట వేఱొకటి.

2022 లో తొమ్మిదవతరము స్పెయిను దేశపు ఛాయలుగల పాల్డియా యను కల్పితసీమలో నడచుచున్నది. ఎద్దుపోట్లాటల దేశము గదా. అచ్చట నల్లని టారోసు నొకదానిని సృష్టించిరి. అది సామాన్యతత్త్వము కాదు, మల్లయుద్ధతత్త్వము. అందు మూడు జాతులు: కేవల మల్లుడు, నిప్పుగల మల్లుడు, నీరుగల మల్లుడు. తాకుడు 110, కాపు 105, వేగము మాత్రము 100 కి తగ్గినది. మల్లయుద్ధపు దెబ్బ ఉక్కును రెట్టింపుగ విఱుచును. ఇరువదిమూడేండ్ల క్రిందట తన వంశమునకు అడ్డుపడిన ఉక్కునకు ఈ నల్లగిత్త జవాబు తెచ్చినదనవచ్చును. భూతములకు మాత్రము ఈ దెబ్బయు తగులదు. ఆ పాతబాకీ తీరనేలేదు.

చరవాణిలో నాడు పోకెమాన్ గో అను మఱొక యాట 2016 లో వచ్చినది. అందు టారోసు ఉత్తర అమెరికాలోనే తిరుగునట్లు ఏర్పరచిరి. అందుచే అచ్చట స్థిరపడిన మన తెలుగువారి పిల్లలకు అది వీధిలో దొరకును. ఇచ్చటి వారి పినతండ్రి బిడ్డలకు దొరకదు. ఇచ్చటి పిల్లలు వారిని మార్పిడికై యడుగుచుందురు.

కడపట ఒక విశేషము. 1996 నాటి నియమములు చెరిగిపోలేదు. నేటికిని గణనయంత్రములపై ఆ పాతకట్టుబాట్లతోడనే పోరాడు బృందములు లోకమంతట గలవు. వేగమును బట్టి మర్మఘాతము, అలసటలేని మహాకిరణము, నూటికి 90 గురిగల మంచుతుఫాను, అన్నియు అటులనే యుంచుకొనిరి. ఆ బరిలో ఆరు జంతువులను ఎన్నుకొను ప్రతివాడును టారోసును చేర్చుకొనకుండుట మిక్కిలి యరుదు. స్నార్లాక్సు, చాన్సీలతోబాటు మొదట వ్రాయబడు పేరు అదియే. తుదిపోరున రెండు ఆబోతులు ఎదురుపడినప్పుడు ఏది ముందు కొట్టునో తెలియక ఇరువురు ఆటగాండ్రును నేటికిని ఊపిరి బిగబట్టి చూచుచునే యున్నారు.