ఇనుము తన మీద తానే పెంచుకునే పొర

పిస్తోలు చేసేది ఉక్కుతో. ఉక్కుకు చెమట పడదు. నడుముకు కట్టుకుని ఎండలో వానలో తిరిగే ఆయుధానికి ఇంతకంటే పెద్ద చిక్కు లేదు. అరచేతి చెమటలోని ఉప్పు తగిలి, తుడవకుండా వదిలేస్తే, గొట్టం మీద ఎర్రటి మచ్చ లేస్తుంది. తుపాకులు చేసేవాళ్లు మందుగుండుతో ఎంత కుస్తీ పట్టారో తుప్పుతోనూ అంతే పట్టారు. ఆ కుస్తీలో అక్కరకొచ్చిందే పార్కరైజింగ్. చూపుకు ఏ అందమూ లేని మసక బూడిదరంగు పూత అది. ఉక్కు చరిత్రలో ఇంత తెలివైన ఉపాయాలు కొన్నే ఉన్నాయని నా నమ్మకం.

దానికి ముందు రాజ్యమేలింది బ్లూయింగ్. అందులో ఒక పద్ధతి ఇది. ఎర్ర తుప్పును ఇనుము మీద బాగా పెరగనిచ్చి, మరిగే నీళ్లలో ఉడికిస్తే అది నల్లని ఆక్సైడుగా, అంటే మాగ్నటైటుగా మారుతుంది. దాన్ని రుద్ది, మళ్లీ తుప్పు పట్టించి, మళ్లీ ఉడికించి, ఇలా ఎన్నోసార్లు చేస్తే నీలిమ కలిసిన నలుపు వస్తుంది. పాతకాలపు పిస్తోళ్ల నిగనిగ అంతా కింద ఉక్కుకు పట్టిన పాలిషుదే. పైపొర మందం ఒకటి రెండు మైక్రాన్లకు మించదు. తోలు ఒరలో రాపిడికే అంచుల దగ్గర అరిగి తెల్ల ఉక్కు బయటపడుతుంది. జాన్ బ్రౌనింగ్ రూపకల్పన చేయగా 1911లో అమెరికా సైన్యం తీసుకున్న .45 పిస్తోలు మొదట్లో నీలి మెరుపుతోనే వచ్చింది. పరేడులో ముచ్చటగానే ఉండేది. యుద్ధంలో మాత్రం ఎండపడి తళుక్కుమన్న లోహం శత్రువుకు ఆనవాలు చెబుతుంది.

వేరే దారి అప్పటికే ఇంగ్లండులో తెరుచుకుంది. ఇనుము మీద ఫాస్ఫేటు పొర వేసే పద్ధతికి 1869లోనే విలియం అలెగ్జాండర్ రాస్ పేటెంటు తీసుకున్నాడు. 1906లో బర్మింగ్‌హామ్‌కు చెందిన థామస్ వాట్స్ కాస్లెట్ దాన్ని ఫాస్ఫారిక్ ఆమ్లపు వేడినీళ్ల పద్ధతిగా తీర్చిదిద్దాడు. ఆ తర్వాత ఫ్రాంక్ రిచర్డ్స్ అందులో మాంగనీసు చేర్చాడు. కాస్లెట్, రిచర్డ్స్‌ల అమెరికా పేటెంట్ల హక్కులు కొన్న క్లార్క్ పార్కర్ తన ఇంటి వంటగదిలోనే ప్రయోగాలు చేశాడు. 1915లో కొడుకు వైమన్‌తో కలిసి కంపెనీ పెట్టాడు. పూతకు ఆ ఇంటిపేరే స్థిరపడింది. నాకైతే ఇందులో కాస్లెట్‌కు దక్కవలసిన పేరు దక్కలేదనిపిస్తుంది.

ఇక అసలు విద్య చూద్దాం. పాత పిస్తోలుకు కొత్త పూత వేయాలంటే ముందు భాగాలన్నీ విడదీసి, జిడ్డు చుక్క కూడా లేకుండా కడుగుతారు. శాండ్ బ్లాస్టింగుతో పాత రంగు లేపేసి ఉక్కును గరుకు చేస్తారు. ఆ తర్వాత చేత్తో ముట్టుకోరు. వేలి జిడ్డు అంటినచోట పూత పట్టదు. అప్పుడు జింకు లేదా మాంగనీసు ఫాస్ఫేటు కరిగిన పలచని ఆమ్లంలో, నీళ్లు మరగడానికి కాస్త తక్కువ వేడిలో, ముంచుతారు. ఉక్కు ఒళ్లంతా సన్నని బుడగలు లేస్తాయి. అది హైడ్రోజన్. ఆమ్లం ఇనుమును తినడం మొదలుపెట్టిందన్నమాట.

చోద్యమంతా ఇక్కడే ఉంది. ఇనుమును తింటున్నకొద్దీ లోహాన్ని ఆనుకుని ఉన్న పలచని నీటిపొరలో ఆమ్లం ఖర్చయిపోతుంది. తొట్టిలో మిగతా ద్రావణం పుల్లగానే ఉంటుంది, ఆ పొరలో మాత్రం పులుపు తగ్గుతుంది. పులుపు తగ్గినచోట ఫాస్ఫేటు కరిగి ఉండలేదు. సరిగ్గా ఉక్కు మీదే స్ఫటికాలుగా పేరుకుంటుంది. లోహమంతా కప్పుకుపోయాక ఆమ్లానికి తినడానికి ఇనుము దొరకదు, బుడగలు సద్దుమణుగుతాయి. దాడి చేసిన ఆమ్లమే తన దారిని తాను మూసేసుకుంటుంది. రంగు పైనుంచి పూసేది కాబట్టి పెచ్చులూడుతుంది. ఈ పొర ఉక్కులో వేళ్లూని పెరిగినది కాబట్టి అలా ఊడదు.

అయితే ఒక్క షరతు. స్ఫటికాల మధ్య సందులుంటాయి, తడి దూరుతుంది. అందుకే కడిగి ఆరబెట్టిన వెంటనే నూనె పట్టిస్తారు. నునుపైన ఉక్కు మీద జారిపోయే నూనె ఈ గరుకులో ఇంకి నిలిచిపోతుంది. ఫాస్ఫేటూ నూనే కలిస్తేనే కవచం. ఏ ఒక్కటీ ఒంటరిగా చాలదు.

1918లో స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిళ్లతో ఈ పూత సైన్యంలోకి వచ్చింది. 1941లో కోల్ట్ కంపెనీ సైనిక పిస్తోళ్లకు బ్లూయింగ్ మానేసి దీనికి మారింది. టైపురైటర్ల కంపెనీ రెమింగ్టన్ ర్యాండ్ కూడా పిస్తోళ్లు చేయాల్సివచ్చిన రోజులవి. పాలిషు పట్టే నేర్పరుల కోసం ఆగే వ్యవధి యుద్ధానికి లేదు. అలాంటి పిస్తోలు ఈనాడు ఎవరి చేతికైనా వస్తే దానికి కొత్త మెరుగు పెట్టించాలన్న కోరికను అణచుకోవడమే మేలు. శాండ్ బ్లాస్టింగు పాత రంగుతోపాటు ముద్రల అంచులనూ తినేస్తుంది. సేకర్తలు వెల కట్టేది పాత పూతకూ, వాడకంలో దానికి వచ్చిన అరుగుదలకే. ఆ తర్వాతి తరం పిస్తోళ్లకు స్టెయిన్‌లెస్ స్టీలూ, ఉక్కు పైపొరలోకి నైట్రోజన్ ఎక్కించే నైట్రైడింగూ వచ్చాయి. ఫాస్ఫేటు అక్కడ వెనకబడింది.

కానీ దాని కథ మన దేశంలో చాలా ముందే నడిచింది. ఢిల్లీ ఇనుప స్తంభం పదహారు వందల ఏళ్లుగా ఎలా నిలిచిందో ఐఐటీ కాన్పూర్ శాస్త్రవేత్త ఆర్. బాలసుబ్రమణియం పరిశోధించారు. సున్నపురాయి కలపకుండా కట్టెబొగ్గుతో ఖనిజం నుంచి తీయడం వల్ల ఆ ఇనుములో భాస్వరం ఎక్కువగా మిగిలిపోయింది. అదే కాలక్రమాన ఉపరితలం మీద ఇనుప ఫాస్ఫేటు పొరగా ఏర్పడి స్తంభాన్ని కాపాడుతోందని ఆయన తేల్చారు. తొట్టిలో నిమిషాల్లో అయ్యే పనిని ఆ ఇనుము ఎండావానల్లో నెమ్మదిగా చేసుకుంది.

ఇప్పుడు కార్ల బాడీలకు రంగు వేసేముందు వేసే తొలి పొరల్లో ఫాస్ఫేటు ఉంటుంది. గేర్లకూ, పిస్టన్ రింగులకూ ఉంటుంది. ఫాల్స్ సీలింగ్ పనివాళ్లు జిప్సం బోర్డులకు బిగించే నల్ల స్క్రూల మీద సాధారణంగా కనిపించేదీ ఇదే. ఆ స్క్రూలు పొడి గదులకే పనికొస్తాయి. స్నానాల గదిలోనో, వంటింటి సింకు కిందో వాటినే బిగిస్తామంటే ఒప్పుకోకండి. తడికి ఆ పొర ఎంతోకాలం తాళదు. అక్కడికి స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలే తెప్పించండి.